టిప్పర్ ఆపిన జాగ

హలో... హలో, ఇనవడుతున్నదా? ఆఁ, నమస్తే అన్నలార, అక్కలార. బువ్వలు తిన్నరా అందరు? నేను చిల్కానగర్ కనకరాజును. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల మిషిన్ మీద పని జేస్తనని మీకు ఎర్కనే. రోజూ పొద్దుగాల గీ ఫేస్‌బుక్కుల మీకు దండాలు పెడ్త, చెరువు ఫోటోలు పెడ్త, మీరు లైకులు కొడ్తరు. ఇయ్యాల గసోంటిది కాదు. జర పొడుగు ముచ్చట. నేను ఏడో తరగతి దాంక సదివిన మనిషిని, తప్పులుంటె సర్దుకోన్రి. తెలుగుల టైపు కొట్టుడు నా బిడ్డ త్రివేణి నేర్పింది గని, ఇది మాత్రం బిడ్డకు సూపెట్టకుంట కొడ్తున్న.

ముచ్చట ఏందంటే, ఇంటి పాత స్లాబు పలగ్గొట్టి కొత్తది ఏపిచ్చుకునేటప్పుడు, ఆ పలిగిన ముక్కలు తీస్కపోనీకి ఏం బండి మాట్లాడుకోవాలె అని. నవ్వకున్రి. ఇల్లు గట్టేటోడు ఇటుకల గురించి నలుగుర్ని అడుగుతడు, సిమెంటు గురించి పది మందిని అడుగుతడు. గా పలిగిన ముక్కల మల్బా మోసే బండి గురించి ఎవ్వడూ అడగడు. నన్ను ఒక మనిషి అడిగిండు. నేను సక్కగ జవాబు చెప్పలే. గదే కథ.

రెండు వేల ఎనిమిది, మే నెల. మా ఇల్లు అప్పటికి ఇరవై ఏండ్లది. స్లాబుల సీకులు తుప్పు వట్టి ఉబ్బినయ్, కింద పెచ్చులు ఊడుతుండె. ఒకనాడు త్రివేణి అన్నం తింటుంటె అరచెయ్యంత పెచ్చు వచ్చి పల్లెం పక్కన పడ్డది. మా కంపెనీల మెయింటెనెన్స్ ఇంజినీరుకు సూపిచ్చిన. ఆయన సుత్తెతోని రెండు దెబ్బలు కొట్టి, "కనకరాజు, ఈ రాత్రి సంది దీని కింద పండుకోకు" అన్నడు. అంతే. నా భార్య వెంకటనర్సమ్మను, బిడ్డను రామంతాపూర్ల మా మరదలింటికి తోలిచ్చిన. సామాను గూడ ఆడికే పంపిన. నేనొక్కన్ని వాకిట్ల పర్ద గట్టుకోని కావలి ఉన్న.

ఉప్పల్ అడ్డా కాడికి పొయ్యి కూలోళ్లను తెచ్చిన. మొగిలయ్య, అతని భార్య రాజ్యం, ఇంకిద్దరు మొగోళ్లు. మొగిలయ్యది పాలమూరు దిక్కు. సమ్మెట లేపితె స్లాబు రొట్టె తునిగినట్టు తునిగేది. వారం దినాలల్ల మొత్తం కిందికి దించిన్రు. హాలు నిండ, అర్రల నిండ ముక్కలే. మొకాలెత్తు. నెత్తి మీద మాత్రం ఖాళీ. నా ఇంట్ల నేను నిలవడి పైకి సూస్తె మొగులు కనవడ్డది.

జూన్ ఒచ్చింది. మేస్త్రి అన్నడు, "అన్నా, ఆదివారం దాంక మల్బా తీపియ్యి. సోమారం సంది సెంట్రింగు కొడ్త. ఆలస్యమైతె నేను ఇంకో కాడికి పోత, మల్ల నెల దాంక దొరక." మొగులు సూస్తె మబ్బులు పట్టినయ్. గోడలు వాన నీళ్లు తాగినయంటె స్లాబు బరువు ఆపయి. అది నా ఫికర్.

శుక్రారం మరదలింటికి బువ్వకు పొయ్యి, నేను వెంకటనర్సమ్మతోని అన్న, "పది టైర్ల టిప్పర్ మాట్లాడుత. ఒక్క ట్రిప్పుల సాఫ్."

"ట్రాక్టర్లు పెట్టు," అన్నది. "చిన్న బండి. చిన్నగ ఒస్తది, చిన్నగ పోతది."

"ఆరు ట్రిప్పులైతదే. రెండు దినాలు గల్లీ నిండ దుమ్ము. జగన్మోహన్ సారు ఊకుంటడా?"

"ఆయనకు భయపడి ఇల్లు గట్టుకుంటవా?"

"నీకేం ఎర్క? సప్పుడు జెయ్యకు."

"ఎర్క లేకనే ఇరవై రెండేండ్ల సంది నీతోని సంసారం జేస్తున్న," అని పల్లెంల పప్పు ఇంకింత ఏసింది.

జగన్మోహన్ సారు అంటె మా ఎదురింటాయన. తణుకు దిక్కు నుంచి ఒచ్చి మా గల్లీల మేడ గట్టుకున్నడు. ఆఫీసుల క్లర్కు. మంచిగనే మాట్లాడుతడు, అండీ, గారూ అంటడు. కాని కాయితం మనిషి. అంతకుముందు ఏడు మూలమీది ఇంటాయన మెట్లు రోడ్డు మీదికి ఒచ్చినయని సర్కిల్ ఆఫీసుకు అర్జీ రాసిండు. పది దినాలు గాలే, గడ్డపారలు పట్టుకోని ఒచ్చిన్రు, మెట్లు పలగ్గొట్టిపొయ్యిన్రు. ఆ ఇంటోళ్లు నెల రోజులు స్టూలు ఏసుకోని ఇంట్లకు ఎక్కిన్రు. నాకు ఆ స్టూలే యాదికొచ్చేది.

ఎందుకు భయమో చెప్త. తొంభై నాలుగుల నేను ఇంకో అర్ర ఏసుకున్న. గప్పుడు మా దిక్కు డ్రైనేజీ లైను లేకుండె. ఎవరింటి పాయఖానా గుంత వాళ్లే తవ్వుకోవాలె. నా జాగల తవ్వితె అర్రకు జాగ సాలది. అందుకని గేటు ముందట, రోడ్డు కిందికి ఆరు ఫీట్లు జరిపి తవ్విపిచ్చిన. మూత మాత్రం గేటు లోపట పెట్టిన. బయట మీద షాబాదు బండలు పరిపిచ్చి, మొరం పోపిచ్చి, పైన సిమెంటు పూపిచ్చిన. ఏడాది తిరిగేసరికి కింద గుంత ఉందని దేవుడు గూడ చెప్పలేడు. స్కూటర్లు పొయ్యినయ్, ఆటోలు పొయ్యినయ్, నీళ్ల ట్యాంకరు ట్రాక్టరు గూడ ఎన్నో మాట్ల పొయ్యింది. ఏం గాలే. పద్నాలుగేండ్లు ఏం గాలే.

ఇగ ఇప్పుడు స్లాబుకు నా కాడ పర్మిషన్ కాయితం లేదు. పాత ఇల్లే గదా, మరమ్మతు గదా అని మొదలు పెట్టిన. రోడ్డు కింద గుంత సంగతి జగన్మోహన్ సారు చెవుల పడితె అర్జీ రాస్తడు. పని ఆపుతరు. నెత్తి మీద కప్పు లేని ఇంట్ల వానాకాలం ఎట్ల ఎల్లదియ్యాలె? గిది నా లెక్క. తప్పు లెక్కనే. కాని అప్పుడు నాకు గదే సక్కగ కనవడ్డది.

శనివారం పొద్దుగాల టిప్పర్ డ్రైవరు వచ్చిండు. పేరు బిక్షపతి. ముప్పై ఐదేండ్లుంటయ్ కావచ్చు. ఆలేరు దిక్కు మనిషి, కాప్రాల కిరాయికుండె. బండి ఒక సేటుది, ఇతను నడుపుతడు. మామూలుగ డ్రైవర్లు ఫోన్లనే ఒప్పుకోని పొద్దుగాల బండి తెస్తరు. ఇతను గట్ల గాదు. మోటరు సైకిలు మీద ఒక దినం ముందే జాగ సూసుకోనీకి ఒచ్చిండు. గల్లీ మూలకు నిలవడి అడుగులు లెక్కవెట్టిండు. కరెంటు తీగలు సూసిండు. ఇంట్లకొచ్చి మల్బా సూసి ఒక ముక్క చేతుల పట్టుకోని బరువు సూసిండు.

"అన్నా, ఒక మాట అంటె ఏమనుకోవు గదా," అన్నడు.

"అను తమ్మి."

"ఇది మట్టి కాదు, కాంక్రీటు. బండి నిండినట్టు కనవడదు గని బరువు మస్తుంటది. నన్నడిగితె ఆరు టైర్లది తెచ్చి రెండు ట్రిప్పులు కొడ్త."

"రేపు ఒక్క దినమే ఉన్నది తమ్మి. ఆదివారం గాకపోతె మేస్త్రి పోతడు. పది టైర్లదే తే."

"సరే, నీ ఇష్టం. కాంపౌండు గోడకు ఆనిచ్చి పెడితెనే కూలోళ్లకు అందుతది. దూరం పెడితె వాళ్ల నడుములు ఇరుగుతయ్." గేటు ముందటికొచ్చిండు. అటు ఇటు సూసిండు. "అన్నా, గుంత ఏడుంది మీది?"

నేను చెయ్యి లోపటికి సూపిచ్చిన. "గదో, మూత కనవడ్తలేదా?"

"అంత లోపట్నే ఉన్నదా? బయట కిందేం లేదు గదా?"

ఎదురింటి బాల్కనీల జగన్మోహన్ సారు పేపరు సదువుకుంట కూసున్నడు. పేపరు మీదికెళ్లి మా దిక్కే సూస్తున్నడు.

"ఏం లేదు," అన్న. "గట్టి నేలనే."

బిక్షపతి నా మొకం సూసిండు. అనుమానంగ కాదు. ఊకనే సూసిండు. "నీ మాట మీద పెడ్తున్న అన్నా. మల్ల బండి సేటుది," అని నవ్విండు. చాయ్ తాగమంటె తాగలే, కిరాయి ఉన్నదని పొయ్యిండు.

ఆ దినం పొద్దుమీకి దాంక నాకు మనసున వట్టలే. ఫోన్ చేద్దామనుకున్న. చేసి ఏమనాలె? కింద గుంత ఉంది అంటె, పొద్దుగాల ఎందుకు లేదన్నవు అంటడు. సర్లే, రేపు జర ముందట ఆపమంట, సంగతి చెప్పకుంటనే పని అయితది అనుకున్న.

ఆదివారం ఎనిమిదింటికి టిప్పర్ ఎన్కకు నడుచుకుంట గల్లీలకొచ్చింది. మొగిలయ్య ఎనుక నిలవడి "రానీ, రానీ" అని ఒర్రుతుండు. ఎనుక టైర్లు సరిగ్గ గేటు కాడికొస్తున్నయ్. నేను క్యాబిన్ కాడికి ఉరికిన.

"తమ్మి, జర ముందట ఆపరాదూ?"

"ఎందుకన్నా?"

పైన బాల్కనీల జగన్మోహన్ సారు నిలవడ్డడు. చేతుల కాఫీ గ్లాసు. "ఏమైందండీ రాజుగారూ?" అని అడిగిండు.

"ఏం లేదు సార్," అన్న. మల్ల బిక్షపతి దిక్కు తిరిగి, "ఊకనే. జర ముందట అయితె మంచిగుంటదని," అన్న.

"ముందట అయితె గోడ మీద నిలవడ్డోళ్లకు తీగలు తాకుతయ్ అన్నా. గిక్కడనే మంచిగున్నది," అని బండి ఆపి దిగి, టైర్ల కింద రాళ్లు పెట్టిండు.

ఖాళీ బండి నిలవడ్డది. నేల కదలలే. నేను ఒక నిమిషం నేల సూసిన. ఏం గాలే. సూసినవా, ఉత్తగనే పరేషాన్ అయితున్న అని నాకు నేనే చెప్పుకున్న.

పని మొదలైంది. గోడ మీద ఒక పలక ఏసుకోని మొగిలయ్య నిలవడ్డడు. రాజ్యం గోడ లోపట్నుంచి తట్ట ఎత్తి అందిస్తె, అతను అందుకోని బాడీల ఏస్తుండు. మిగిలినిద్దరు లోపల తట్టలు నింపుతున్నరు. రాజ్యం ఊకుండే మనిషి కాదు.

"ఒంగి అందుకోవయ్యా, పెండ్లికొచ్చినట్టు నిలవడ్డవ్," అని మొగన్ని అంటది. అతను, "నువ్వు ఎత్తు ముందు, నీ తట్టల సగం గాలే ఉన్నది," అంటడు. వారం దినాల సంది గిదే వరస. నాతోని గూడ, "అన్నా, కొత్త స్లాబు పడ్డంక మాకు దావత్ ఇస్తవా, లేకపోతె మేస్త్రికొక్కనికేనా?" అన్నది.

"ఇస్తనమ్మా."

"ఉత్తగ తలకాయ ఊపకు. అడ్డా కాడికొచ్చి పేరు వెట్టి పిలువాలె. అక్కడ వందమందిమి ఉంటం."

పదకొండింటికి బండి సగం నిండింది. నేను గేటు కాడ నిలవడి ఉన్న. కింద నుంచి ఒక సప్పుడు ఒచ్చింది. కటుక్కుమన్నది. పెద్దగ కాదు, ఎండు కట్టె ఇరిగినట్టు. బిక్షపతి క్యాబిన్ల కూసోని పాటలు ఇంటున్నడు, అతనికి ఇనవడలే. మొగిలయ్యకు ఇనవడలే, తట్టలు పడ్డ సప్పుడుల కలిసిపొయ్యింది. నాకు ఇనవడ్డది. నాకొక్కనికే అది ఏం సప్పుడో ఎర్క.

అన్నలార, ఆ టైముల నేను నోరు దెరిస్తె సరిపోతుండె. "బండి తియ్యి" అని రెండు మాటలు. బండి తీసేటోడు, మల్బా ఒక పక్కకు పోసుకునేటోళ్లం. ఏమైతుండె? జగన్మోహన్ సారుకు తెలుస్తుండె. అంతే గదా. కాని నేను ఏం జేసిన్నంటె, సగం అయిపొయ్యింది గదా, ఇంక రెండు గంటలే గదా అనుకున్న. వంగి టైరు కాడ సూసిన. సిమెంటు పూత మీద సన్నటి గీత ఒచ్చింది. చెప్పుతోని దాని మీద మట్టి జరిపిన. అవును, మట్టి జరిపిన. ఈ ముచ్చట ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలే.

ఒంటిగంటకు వాళ్లు సద్దులు తిన్నరు. బిక్షపతి గూడ వాళ్లతోనే కూసోని తిన్నడు. రాజ్యం తన పచ్చిపులుసు అతనికింత పోసింది. మల్ల పని అందుకున్నరు. బిక్షపతి బాడీ దిక్కు సూసి, "అన్నా, సాలిస్తె మంచిది. ఇంక ఏస్తె బరువైతది," అన్నడు.

"ఇంకొక ఇరవై తట్టలు తమ్మి. అర్ర ఒక్కటే మిగిలింది."

"నువ్వు ఇడువవు గదా అన్నా," అని నవ్వి క్యాబిన్ల ఎక్కి కూసున్నడు, అయిపోంగనే బండి తియ్యాలె అని.

గోడ అవతల, బండి దిక్కు, కింద పడ్డ ముక్కలు మస్తుగయినయ్. రాజ్యం గేటు దాటి బయటికొచ్చింది. బండికి గోడకు నడుమ రెండు ఫీట్ల సందు. ఆ సందుల వంగి ముక్కలు ఏరి తట్టల ఏస్తున్నది. ఇల్లు ఊడ్సినట్టు శుభ్రంగ ఏరుతున్నది. నేను ఏరమని చెప్పలే. ఆమె పని తీరే అంత.

బండలు ఇరిగిన సప్పుడు పెద్దగేం లేదు. దడేలుమన్నది, అంతే. ఎనుక టైర్లు ఎడమ పక్కవి కిందికి దిగినయ్. బండి ఒక మనిషి భుజం ఒంచినట్టు గోడ దిక్కు ఒరిగింది. మొగిలయ్య గోడ మీదికెళ్లి లోపటికి దునికిండు. గోడ పడ్డది. బాడీల ఉన్న ముక్కలు గోడ మీద పడ్డయ్. దుమ్ము లేసింది. దుమ్ముతోని పాటు కంపు లేసింది.

మొగిలయ్య రాజ్యం పేరు పెట్టి పిలుస్తనే ఉన్నడు. నేనూ, బిక్షపతీ, ఆ ఇద్దరు కూలోళ్లూ చేతులతోని తీసినం. జగన్మోహన్ సారు బనీను మీదనే ఉరికొచ్చి మాతోని పాటు ముక్కలు తీసిండు. ఆయన చేతులు కోసుకపొయ్యి నెత్తురు కారినయ్. అరగంట వట్టింది. దవాఖానాకు తీస్కపొయ్యినం గని, డాక్టరు సూసి తల అడ్డంగ ఊపిండు. మొగిలయ్య దవాఖానా మెట్ల మీద కూసోని, "ఇప్పుడే పులుసు పోసింది సార్, ఇప్పుడే" అని కనవడ్డోనికల్ల చెప్పుకుంట కూసున్నడు.

ఇంటి కాడికి పోలీసులు ఒచ్చిన్రు. గుంత అందరికీ కనవడ్తనే ఉన్నది. ఎస్సై నన్ను అడిగిండు, "ఇది నీదేనా?"

"నాదే సార్."

"డ్రైవరుకు చెప్పినవా?"

బిక్షపతి నా పక్కనే ఉన్నడు. బట్టల నిండ సిమెంటు దుమ్ము, మొకం మీద చెమట గీతలు. అతను నా దిక్కు సూసిండు, చెప్తడు గదా అన్నట్టు. నేను, "ముందట ఆపమని చెప్పిన సార్," అన్న.

"అబద్ధం!" అన్నడు బిక్షపతి. "ఎందుకని అడిగితె ఊకనే అన్నడు సార్! నిన్న గుంత సంగతి అడిగిన, ఏం లేదన్నడు!"

అప్పుడు జగన్మోహన్ సారు ముందటికొచ్చిండు. ఆయన చేతులకు బట్ట కట్టుకోని ఉన్నడు. "నేను బాల్కనీలోంచి విన్నానండీ. రాజుగారు పరుగెత్తుకెళ్లి మరీ ముందుకు ఆపమన్నారు. ఈ అబ్బాయే వినలేదు. వైర్లు తగులుతాయన్నాడు. నేను ఎక్కడైనా చెప్తాను," అన్నడు.

ఆయన అబద్ధం చెప్పలే. చూసింది చెప్పిండు, ఇన్నది చెప్పిండు. శనివారం మాట మాత్రం ఆయన దాంక ఇనవడలే. ఆ మాట ఇన్నది ఇద్దరమే, నేనూ, బిక్షపతి. పోలీసులు బిక్షపతిని జీపుల కూసోవెట్టిన్రు. జీపుల నుంచి గూడ అతను నన్నే సూసుకుంట పొయ్యిండు. "అన్నా, చెప్పన్నా," అన్నడు. తిట్టలే. తిడితె బాగుండు.

తెల్లారి పొద్దుగాల జగన్మోహన్ సారు మా వాకిట్లకొచ్చిండు. చాయ్ ఫ్లాస్కు తెచ్చిండు. నేను తల ఎత్తలే. అర్జీ సంగతి ఎత్తుతడేమో అని ఇంకా భయమే, సిగ్గులేని భయం. ఆయన నా పక్కన కూసోని అన్నడు, "గుంత రోడ్డు కింద ఉందని బాధపడకండి రాజుగారూ. ఈ వీధిలో అందరివీ అక్కడే. మాది కూడా గేటు బయటే తవ్వించాను. ఇంకెక్కడ తవ్వుతాం చెప్పండి?"

నేను తల ఎత్తిన. "మరి ఆ మూలమీది మెట్లు..."

"మెట్లు పైకి కనిపిస్తాయి కదండీ. నా కారు తిరిగేది కాదు. కింద ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?"

ఆయన చాయ్ పోసుకుంటనే ఉన్నడు. ఎవ్వరూ అర్జీ రాసేటోళ్లు కాదు. ఎవ్వరూ పని ఆపేటోళ్లు కాదు. శనివారం నేను "ఉన్నది తమ్మి, గేటు బయట గుంత ఉన్నది" అని గట్టిగ ఒర్రి చెప్పినా, ఆయన పేపరు తిరగేసుకునేటోడే.

వెంకటనర్సమ్మ రామంతాపూర్ నుంచి ఒచ్చింది. గుంత ఏడుందో ఆమెకు ఎర్కనే, తవ్వినప్పుడు మట్టి ఎత్తిందే ఆమె. కూలిన గోడ సూసింది, ఏడ్సింది. కండ్లు తుడుసుకోని ఒకటే మాట అడిగింది. "డ్రైవరుకు నువ్వు చెప్పినవు గదా?"

"చెప్పిన," అన్న.

"నువ్వు చెప్పే ఉంటవు," అన్నది. ఆమె నమ్మింది. నమ్మి అందరికీ అదే చెప్పింది. మా ఆయన చెప్పిండమ్మా, ఆ పిలగాడే ఇనలే అని గల్లీల ఆడోళ్లకు, చుట్టాలకు, పాలాయనకు. నేను ఊకుండు అంటె, ఎందుకు ఊకుండాలె, ఉన్నదే అంటున్న గదా అనేది.

స్లాబు పడ్డది. వేరే కూలోళ్లు ఒచ్చిన్రు. టిప్పర్ సేటు మొగిలయ్యతోని ఏదో రాజీ చేసుకున్నడు. మొగిలయ్య ఊరికి పొయ్యిండు, మల్ల అడ్డాల కనవడలే.

రెండు వేల పదకొండుల కేసు విచారణకొచ్చింది. నన్ను సాక్షికి పిలిచిన్రు. బిక్షపతి బోనుల నిలవడ్డడు, సన్నగయ్యిండు, మెడ మీద ఎముక కనవడ్తున్నది. అతని వకీలు చిన్న వయసాయన. నన్ను అడిగిండు, "శనివారం నాడు డ్రైవరు మిమ్మల్ని గుంత ఎక్కడుందని అడిగిండా లేదా?"

"అడిగిండు."

"మీరేం చెప్పిన్రు?"

గప్పుడన్న చెప్పాలె. మూడేండ్ల సంది అనుకుంటనే ఉన్న, కోర్టుల చెప్త, కోర్టుల చెప్త అని. నా ఎనుక బెంచీ మీద వెంకటనర్సమ్మ కూసున్నది. పక్కన జగన్మోహన్ సారు, నా కోసం సెలవు పెట్టుకోని ఒచ్చిండు. త్రివేణికి డిగ్రీ ఆఖరు ఏడు. ఒక్క మాటతోని ఈళ్లందరి ముందు నేను ఏమైపోత?

"గేటు బయట ఉన్నది, జాగ్రత్త అని చెప్పిన," అన్న.

ఆ దినం గుంత కాడ అబద్ధం అని ఒర్రిన బిక్షపతి, కోర్టుల ఒర్రలే. కిందికి సూసుకుంట నిలవడ్డడు. ఆరు నెలలు శిక్ష పడ్డది. లైసెన్సు పొయ్యింది.

బయటికొచ్చినంక జగన్మోహన్ సారు నా భుజం తట్టి, "న్యాయం జరిగిందండీ," అన్నడు. నేను ఆయన స్కూటరు ఎనుక కూసోని ఇంటికొచ్చిన. కొత్త స్లాబు కింద పండుకున్న. పెచ్చులు ఊడుతలేవు. ఒక్క సుక్క కారుతలేదు. మస్తు గట్టి స్లాబు.

ఇప్పుడెందుకు చెప్తున్న అంటరా. మొన్న, పోయిన నెల, ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ షేర్ ఆటోల కూసోని పనికి పోతున్న. మెట్రో పిల్లర్ల పని నడుస్తున్నది గదా, ట్రాఫిక్ ఆగింది. ఒక టిప్పర్ ఎనుకకొస్తున్నది. దాని ఎనుక ఒకడు ఎర్ర గుడ్డ చేతుల పట్టుకోని, నోట్లె ఈల పెట్టుకోని, దాన్ని ఎనుకకు రప్పిస్తున్నడు. నెత్తి మీద పచ్చ టోపీ. ఆ సన్నటి మెడ సూసి నేను గుర్తుపట్టిన. బిక్షపతి. పది టైర్ల బండి నడిపినోడు, ఇంకోని బండికి గుడ్డ ఊపుతున్నడు. ఆ బండి డ్రైవరు ఇరవై ఏండ్ల పోరడు, అద్దంల నుంచి "ఓ ముసలోడా, పక్కకు జరుగు!" అని ఒర్రిండు. బిక్షపతికి నలభై గూడ నిండి ఉండయి.

ఆటో దిగలే అన్నలార. పది అడుగుల దూరం. దిగలే. ఆటో కదిలింది, నేను పనికి పొయ్యిన. ఆ దినం మిషిన్ మీద మూడు పీసులు ఖరాబు చేసిన, ఇరవై ఏండ్లల్ల గట్ల ఎన్నడు గాలే.

తెల్లారి సెలవు పెట్టి పొయ్యిన. అతను లేడు. సూపర్వైజరును అడిగితె, "రోజు కూలీ వాళ్లు, ఎవరెక్కడికి పోయిన్రో ఎట్ల చెప్తం" అన్నడు. నాలుగు దినాలు తిరిగిన, నాగోల్ దాంక, ఇటు తార్నాక దాంక ప్రతి పిల్లర్ కాడ అడిగిన. కాప్రాల పాత కిరాయి ఇల్లు వెతికిన, ఎప్పుడో ఖాళీ చేసిన్రంట. ఆ చిన్న వకీలును గూడ కలిసిన. నేను కోర్టుల అబద్ధం చెప్పిన అని చెప్పిన. ఆయన, "అతను వస్తె ఏమన్న చెయ్యొచ్చు. అతను లేకుంట మీరొక్కరు వచ్చి ఏం లాభం? మీ మీద గూడ కేసైతది, తెలుసా?" అన్నడు. తెలుసన్న. ఆయన ముందటనే ఒక కాయితం మీద జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టొచ్చిన. కాయితం ఆ వకీలు కాడ ఉన్నది.

నిన్న పొద్దుగాల వెంకటనర్సమ్మకు గూడ చెప్పిన. బియ్యం ఏరుతున్నది, చాట పక్కకు పెట్టి లోపటికి పొయ్యింది. అప్పటి సంది మాట్లాడుతలేదు. జగన్మోహన్ సారుకు ఇంక చెప్పలే, ఆయన గూడ గీ ఫేస్‌బుక్కుల ఉన్నడు, గిక్కడనే సదువుతడు. సార్, మీరు చెప్పింది నిజమే. నేను దాచింది మీకు తెలువదు. మీరు తప్పు జెయ్యలే.

ఇగ మిమ్మల్ని ఒక్కటే అడుగుత. లైకు కొట్టకున్రి దీనికి. లైకు నాకెందుకు. దీన్ని పంచున్రి. ఉప్పల్ల, నాచారంల, కాప్రాల, ఆలేరుల ఉన్న మీ వాళ్లకు పంపున్రి. టిప్పర్లు నడిపేటోళ్లకు, మెట్రో పనిల ఉన్నోళ్లకు, అడ్డాల కాడ ఫోన్ ఉన్నోళ్లకు పంపున్రి. ఫోన్ లేనోళ్లకు సదివి ఇనిపియ్యున్రి. నన్ను తిట్టుకుంట పంపినా మంచిదే. మొగిలయ్యకు గూడ చేరాలె, నీ భార్యను పొట్టన పెట్టుకున్నది ఆ డ్రైవరు కాదు, నేనే అని అతనికి తెలువాలె. బిక్షపతి, ఆలేరు దిక్కు మనిషి, సన్నటి మెడ, నలభై లోపు వయసు, ఇదివరకు పది టైర్ల బండి నడిపేటోడు. అతను గుంత సంగతి అడిగిండు, నేను లేదన్న. ఈ మాట అతని చేతికి అందేదాంక పంపుతనే ఉండున్రి.